ఒక వరుస తక్కువ

ఈ నూలు నులకతాడంత లావు.
సన్నపోగులతో నాకు పొసగదు,
కళ్లజోడు తుడిచి తుడిచి కుట్లు లెక్కపెట్టే ఓపిక
ఎప్పుడో అయిపోయింది.
ఇదైతే లావుపాటి సూదులకు బుద్ధిగా లొంగుతుంది.
రెండు సాయంత్రాల్లో మెడపట్టీ, వారంలో శాలువా.
చీటీ మీద రంగు పేరు ఏదో రాసుంది,
నేను మాత్రం ముదురుపాకం అంటాను:
అరిసెల కోసం పెట్టి, ఫోన్ మోగితే
ఒక్క క్షణం మరిచిపోయిన బెల్లం.

బల్లారట్‌లో జూలై.
గడ్డి మీద ఎవరో కళ్ళుప్పు జల్లి పోయినట్టుంది.
పాత లైబ్రరీ కార్డుతో కారు అద్దం గీకి
బేకరీకి బయల్దేరతాను.
బడి మలుపులో నోరీన్,
చేతిలో ‘ఆగు’ పలక,
ఈకలు పీకిన కోడిలా ఎర్రబడ్డ మెడ.
‘మెడకేమీ చుట్టుకోవా?’ అన్నాను అద్దం దించి.
‘ఈ వయసులో ఇంకా మెడెక్కడుంది నాకు!’ అని నవ్వింది.

ఇంకేం, కొలత అడక్కుండానే మొదలుపెట్టాను.

దూరు, చుట్టు, లాగు, వదులు.
నాలుగు మాటలే ఈ విద్యంతా.
నాలుగోదే చేతికి రావడానికి
నాకు రెండేళ్లు పట్టింది.

ఇంకొక్క వరుస, ఆపైన ముగింపు.
బుట్టలో చెయ్యి పెడితే బుట్టే తగిలింది.

కొట్టులో లిన్నెట్ సొరుగులన్నీ లాగి చూసింది,
మోకాళ్ల మీద కూచుని బల్ల కింద కూడా.
‘మిల్లు ఆ రంగు ఆపేసింది’ అంది
చావు కబురు చెప్పే గొంతుతో.
దగ్గరి రంగులు చూపించింది:
ఒకటి ఇటుక, ఒకటి తుప్పు,
ఒకటి ఏమిటో ఇద్దరికీ తెలియలేదు.

ఇంట్లో ఉంది అదే నూలు,
నా శాలువాగా.
మూడేళ్ల కిందట ఆసుపత్రి వసారాలో
మూడు రాత్రులు నా భుజాల మీదున్నది.
మూలన టీ మరక, నాది కాదు,
పక్క కుర్చీలో ఏడుస్తున్న కుర్రాడిది.

అల్లిక మొదటి నుంచి విడదు.
చివరి ముడి వెతికి పట్టుకోవాలి,
పట్టుకున్నాక ఇక జాలి చూపదు,
జరజరా వచ్చేస్తుంది.
‘చేతులు చాపు’ అన్నాను అనంతపద్మంతో.
ఉల్లిపాయలు తరగడం ఆపి, కడుక్కుని,
బేడీలకిచ్చినట్టు రెండు చేతులూ ముందుకు పెట్టాడు.
నేను చుట్టాను. చొక్కా బొత్తాం ఊడినచోట
గుండె కోత గీత కనబడింది.
‘ఇంకా ఎంతసేపు?’ అన్నాడు.
‘కదలకు’ అన్నాను.

మూడేళ్లు ఒకే తీరున ముడుచుకున్న నూలు,
విప్పినా వంకీలు పోలేదు.
తడిపి, బరువు కట్టి ఆరేస్తే తిన్నగా అయ్యేది.
ఆరేయలేదు.
చివరి వరుస మిగతావాటి కంటే కాస్త వెలిసి,
కాస్త గింజుకుంటూ నిలబడింది.

‘అయ్యో బంగారం’ అంది నోరీన్,
‘ఊలు నా ఒంటికి పడదు, దురద.’
నా మొహం ఎలా పెట్టానో తెలీదు.
ఆమె చూసినట్టుంది. మాట్లాడకుండా
ఆ మెరుపు పచ్చ కోటు కాలర్ నిక్కబొడిచి
దాని పైనుంచి తొడుక్కుంది,
చర్మానికి ఎక్కడా తగలకుండా.
వానగొట్టానికి పట్టీ కట్టినట్టుంది.
‘ఎలా ఉన్నాను?’
‘బాగున్నావు’ అని ఒక అబద్ధం కూడా అల్లాను.

ఇవాళ సున్నా డిగ్రీలు.
పలక ఎత్తింది, ఆగాను.
సంచుల కింద పిల్లలు కనబడకుండా నడిచిపోతున్నారు.
ఆమె గడ్డం కింద వెలిసిన వరుస
ఊపిరి పొగలో ఒకసారి ఉంది, ఒకసారి లేదు.
వెనక ఎవరో హారన్ కొట్టారు.

నా శాలువాకు ఇప్పుడు ఒక అంచు లేదు.
కుట్లు జారిపోకుండా
వాటిలోంచి ఒక పెన్సిల్ గుచ్చి ఉంచాను.
రాత్రి అలాగే కప్పుకుంటే
భుజానికి గుచ్చుకుంటోంది.